అడుగక విడిచిన ప్రశ్న

నింద మోపుటకు ఒక్క వాక్యము చాలును. దానిని తొలగించుకొనుటకు ఒక్కొక్కప్పుడు జీవితకాలము చాలదు. కుండమూతికి వాసెన కట్టవచ్చును గాని లోకుల నోటికి కట్టలేమని పెద్దలు చెప్పినది అచ్చుయంత్రము రాకముందటి మాట. నోటిమాట ఊరు దాటునంతలో సన్నగిల్లును. అచ్చయిన మాట దేశమంతయు తిరిగి, దస్త్రములలో నిలిచి, మనుమల కాలమునకు గూడ మిగులును. కావున విలేఖరికి వ్రాయుట ఎంత ముఖ్యమో, వ్రాయుటకు ముందు అడుగుట అంతకంటె ముఖ్యము.

ఆ ప్రశ్నలను ఇరుప్రక్కల వారిని అడుగవలసియుండును. నింద మోపువారిని, “ఈ సంగతి మీకెట్లు తెలిసినది? దీనికి ఋజువేది?” అని అడుగవలెను. నిందపడినవారిని, “మీమీద ఇట్టి మాట వచ్చినది. మీరేమందురు?” అని అడుగవలెను. మొదటి ప్రశ్న అవిశ్వాసమువలె కనబడును. రెండవది అవమానమువలె తోచును. ఈ మొగమోటమునకు లోబడి విలేఖరులు అడుగక విడిచిన ప్రశ్నల వలన కలిగిన అనర్థములు ఇన్ని అన్ని కావు.

మన దేశములో ఇందుకు మిక్కిలి బాధాకరమైన నిదర్శనము నంబి నారాయణన్ గారి వృత్తాంతము. ఆయన భారత అంతరిక్ష పరిశోధన సంస్థలో ద్రవ ఇంధన యంత్రముల నిర్మాణమున పేరొందిన శాస్త్రజ్ఞులు. ‘వికాస్’ ఇంజనును తీర్చిదిద్దినవారిలో ముఖ్యులు. 1994 అక్టోబరు 15వ తేదీన శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటిసారిగా జయప్రదముగా ఎగిరెను. దాని రెండవ దశను నడిపినది ఆ వికాస్ ఇంజనే. సరిగా ఐదు దినములకు, తిరువనంతపురములో మాల్దీవుల స్త్రీ యొకతెను పోలీసులు అరెస్టు చేసిరి. మొదట ఆమెపై మోపిన నేరము గడువు మీరి దేశమున నిలిచియుండుట మాత్రమే. కొలది వారములలో అది గూఢచర్యముగా మారిపోయెను. క్రయోజెనిక్ ఇంజను రహస్యములు పాకిస్థానునకు అమ్ముడుపోయినవని వదంతి పుట్టెను. నవంబరు 30వ తేదీన నారాయణన్ గారు అరెస్టు చేయబడిరి. 50 దినములు నిర్బంధములో గడపిరి.

ఆ దినములలో పత్రికలు పోలీసు వర్గములనుండి జారిన ప్రతి మాటను అందుకొని, దినమునకొక కథ చొప్పున అల్లి ప్రకటించినవి. న్యాయస్థానమున విచారణ మొదలు కాకమునుపే శాస్త్రజ్ఞుని పేరు దేశద్రోహికి పర్యాయపదమయ్యెను. ఆయన కుటుంబము ఇల్లు వెడలిన చోటనెల్ల అవమానముల పాలయ్యెను.

ఆ వార్త నిచ్చిన పోలీసు అధికారిని అడుగవలసిన ప్రశ్న యొకటి యుండెను. అది ఏడవ తరగతి విద్యార్థికి గూడ తట్టదగినంత సులభమైనది: “అమ్ముటకు ఆ వస్తువు మన యింట నున్నదా?” క్రయోజెనిక్ ఇంజనులను, వాటి నిర్మాణ విజ్ఞానమును పొందుటకు భారతదేశము 1991లో సోవియట్ దేశపు గ్లావ్‌కాస్మాస్ సంస్థతో ఒడంబడిక చేసికొనెను. అమెరికా అభ్యంతరము చెప్పి 1992లో ఆంక్షలు విధించెను. 1993లో రష్యా వెనుకంజ వేసి, ఇంజనులను మాత్రమే ఇత్తుము గాని విజ్ఞానము నీయజాలమని తేల్చెను. 1994 నాటికి ఆ విద్య మనకు పట్టుబడలేదు. స్వదేశమున నిర్మించిన క్రయోజెనిక్ ఇంజనుతో రాకెట్టు జయప్రదముగా ఎగిరినది 2014 జనవరి 5వ తేదీన, అదే శ్రీహరికోటనుండి. ఇంట లేని ధనమును దొంగ యెత్తుకొనిపోయెనని చెప్పినట్లున్నది గదా ఆ నేరారోపణ!

ఈ ప్రశ్న నేల అడుగలేదు? విలేఖరులు తెలివిలేనివారై కాదు. పోలీసు వార్తలు వ్రాయు విలేఖరికి ఠాణాయే జీవనాధారము. ఈ దినము అధికారిని ఇరుకున బెట్టు ప్రశ్న వేసినచో, రేపటి వార్త ప్రక్క పత్రికవానికి పోవును. అందరును వ్రాయుచున్నపుడు తానొక్కడు ఆగినచో వెనుకబడునన్న భయమును కలదు. ఆ వెల్లువలోనే ఎదురీదినవారును లేకపోలేదు. జె. రాజశేఖరన్ నాయర్ అను పత్రికా రచయిత ఆ కథను మొదటినుండి ప్రశ్నించి, 1998లో దానిపై ఒక గ్రంథమునే వెలువరించెను.

1996లో కేంద్ర నేరపరిశోధక సంస్థ ఆ ఆరోపణ నిరాధారమని తేల్చెను. రాష్ట్ర ప్రభుత్వము మరల దర్యాప్తు చేయింపబూనగా 1998లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. 2018 సెప్టెంబరు 14వ తేదీన అదే న్యాయస్థానము, ఆ అరెస్టు అనవసరమైనదని చెప్పి, 50 లక్షల రూపాయల పరిహారము నిప్పించెను. మరుసటి యేట ఆయనకు పద్మభూషణ్ లభించెను. అరెస్టుకును ఆ తీర్పునకును నడుమ దాదాపు 24 సంవత్సరములు గడచినవి. ఆయనతోపాటు నిందపడినవారిలో ఒకరు తీర్పు వెలువడిన కొలది దినములకే కన్నుమూసిరి. నిజము నిలుకడమీద తెలియునన్నది నిజమే. కాని ఆ నిలుకడ అందరి ఆయువునకు అందదు.

అక్కడ అడుగకుండుటకు కారణము భయము. అమెరికాలో జరిగిన మరియొక ఉదంతమున కారణము దయ. 2014 నవంబరులో రోలింగ్ స్టోన్ పత్రిక వర్జీనియా విశ్వవిద్యాలయమును గురించి యొక పెద్ద వ్యాసము ప్రకటించెను. 2012 సెప్టెంబరులో ఒక విద్యార్థి సంఘపు భవనమున జరిగిన విందులో ఏడుగురు యువకులు తనను చెరచిరని ఒక విద్యార్థిని చెప్పిన కథయే దానికి ఆయువుపట్టు. బాధితురాలిని మరల బాధింపరాదని తలచి వ్యాసకర్త్రి మెత్తగా నడచెను. ఆ రాత్రి విద్యార్థినిని కలిసికొనిరని చెప్పబడిన ముగ్గురు స్నేహితులను వెదకి పలుకరింపలేదు. నిందపడిన సంఘమునకు తేదీ, స్థలము, జరిగినదనబడు సంగతి స్పష్టముగా తెలుపక, వ్యాఖ్య యేమైన కలదా యని మాత్రమే అడిగెను.

వాషింగ్టన్ పోస్టు పత్రిక విలేఖరి ఆ స్నేహితులను కలిసికొనగనే కథ సడలిపోయెను. వారు చెప్పిన వృత్తాంతము వేరు. ఆ దినములలో తమ భవనమున విందే జరుగలేదని సంఘము ప్రకటించెను. నాలుగు నెలల దర్యాప్తు తరువాత, ఆ కథకు ఆధారము దొరకలేదని 2015 మార్చిలో పోలీసులు చెప్పిరి. ఏప్రిలులో కొలంబియా విశ్వవిద్యాలయపు పత్రికారచనా కళాశాలవారు లోపములను వివరించిన నివేదిక వెలువరింపగా, రోలింగ్ స్టోన్ ఆ వ్యాసమును ఉపసంహరించుకొనెను. వ్యాసములో నిందింపబడిన విశ్వవిద్యాలయాధికారిణికి 30 లక్షల డాలర్లు చెల్లింపవలెనని 2016లో జ్యూరీ తీర్పు చెప్పెను. అన్నిటికంటె పెద్ద నష్టము మరియొకరిది. నిజముగా చెరచబడి, ఎవరికి చెప్పుకొందుమా యని కుములు స్త్రీలమాట సయితము ఆ తరువాత అనుమానమునకు గురియయ్యెను.

మూడవ ఉదంతము దీనికి ప్రతిగా నిలుచునది. 2017లో అలబామా రాష్ట్రమునుండి సెనేటుకు పోటీచేయుచున్న రాయ్ మూర్ అనునాయనపై, కొందరు స్త్రీలు చేసిన ఆరోపణలను వాషింగ్టన్ పోస్టు ప్రకటించెను. అటుపై మరియొక స్త్రీ ఆ పత్రికను చేరి, 1992లో పదునైదేండ్ల ప్రాయమున అతనివలన తాను గర్భవతినైతినని చెప్పెను. పత్రికకు ఇంతకంటె అనుకూలమైన వార్త యుండదు. అయినను విలేఖరులు తొందరపడలేదు. తాను పనిచేయుచున్నానని ఆమె చెప్పిన సంస్థను అడుగగా, ఆ పేరుగలవారు తమవద్ద లేరని బదులు వచ్చెను. పత్రికల అబద్ధములను ఎదుర్కొను సంస్థలో ఉద్యోగమునకై తాను న్యూయార్కునకు పోవుచున్నట్లు ఆమె పేరిట వెలసిన ప్రకటన యొకటి వారి కంటబడెను. స్టెఫానీ మెక్‌క్రమెన్ అను విలేఖరి ఆమెను భోజనశాలలో కలిసికొని, ఆ ప్రకటన ప్రతిని ముందుంచి, దీని భావమేమని సూటిగా అడిగెను. ఆమె తడబడి లేచిపోయెను. తరువాత ఆమె ప్రాజెక్ట్ వెరిటాస్ అను సంస్థ కార్యాలయమున ప్రవేశించుట విలేఖరులు చూచిరి. పత్రికలను మోసగించి వాటి పక్షపాతమును బయటపెట్టుటయే తమ పనిగా చెప్పుకొన్న సంస్థ అది.

ఆ కల్లను పోస్టు అచ్చువేసియున్నచో ఏమై యుండును? ఒక్క కథ అబద్ధమని తేలిన మరునాడు, ముందు మాటాడిన స్త్రీలందరును అబద్ధమాడిరని లోకము చెప్పియుండును. ఒక స్త్రీని వేసిన కటువైన ప్రశ్న తక్కిన స్త్రీల మాటకు రక్ష యయ్యెను. ఆ వార్తలకు 2018లో పులిట్జర్ బహుమతి లభించెను.

బాధపడినవారిని ప్రశ్నించుట క్రూరత్వము కాదా యని కొందరడుగవచ్చును. ప్రశ్న వేరు, దానిని వేయు తీరు వేరు. వైద్యుడు నొప్పియున్న చోటనే చేయివేసి చూచును; అతని చేతిలో మెత్తదనము ఉండవచ్చును గాని, చూడక మందీయరాదు. మీ మాటను ఇతరులు పరీక్షింతురు గనుక ముందుగా మనమే పరీక్షింతమని చెప్పి అడుగువాడు మిత్రుడే. నిందపడినవారి విషయమున సయితము ఇదే న్యాయము. తనపై వచ్చిన మాట కల్లయని యెరిగినవానికి ఆ ప్రశ్న వినుట కష్టమే. కోపము వచ్చుట సహజమే. కాని అడుగబడనివానికి బదులు చెప్పు అవకాశమే లేదు. ఆరోపణ యంతయు విప్పిచెప్పి, సమాధానమునకు తగిన వ్యవధి నిచ్చి, చెప్పినదానిని కుదింపక ప్రకటించుట విలేఖరి అతనికి చెల్లింపవలసిన ఋణము. అతడు నిర్దోషి యని విలేఖరి మనసున నమ్మినను ఆ ప్రశ్న మానరాదు. అడిగి ఋజువు పొందిన నిర్దోషిత్వమునకే లోకమున విలువ.

ఈ ధర్మము పత్రికా కార్యాలయములకే పరిమితము కాదు. తరగతిలో ఒక బాలుని కలము పోవును. ప్రక్కవాడు వేరొకని పేరు చెప్పును. పేరు చెప్పినవాడు మంచి మార్కులు తెచ్చుకొనువాడు. పేరు పడినవాడు అల్లరివాడు. ఉపాధ్యాయుని చేయి బెత్తము వైపు పోవుటకు ఇంతకంటె కారణమేమి కావలెను? అప్పుడు చెప్పినవానిని “నీవు కన్నులార చూచితివా?” అనియు, పడినవానిని “జరిగినదేమి?” అనియు అడుగుటకు రెండు నిమిషములు చాలును. ఆ రెండు నిమిషములు ఓపిక పట్టిన తరగతిలో కూర్చున్న నలువది మంది పిల్లలు, పెద్దవారై ఏ పత్రికను చేతబట్టినను, ఇందులో ఎవరిని అడిగిరి, ఎవరిని అడుగలేదని ముందుగా వెదకి చూతురు.