అమ్మ పాత పట్టుచీరతో బతుకమ్మ లంగా: కత్తెర పట్టే ముందు ఇది చూడండి

సద్దుల బతుకమ్మ దగ్గరికొచ్చిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఎక్కడైనా టైలర్ దగ్గర ఒకటే మాట: "పండగ అయినంక రాండి." సో, చెల్లెకి లంగా ఇంట్లోనే కుడదాం.

ఫస్ట్, అమ్మని అడగండి. ఒక్కసారి కోస్తే అది మళ్లీ చీర కాదు. సరే అన్నాక చీరను వెలుతురుకు పట్టి చూడండి. ఏళ్లకేళ్లు బీరువాలో ఒకే మడత మీద ఉంటే పట్టు ఆ గీత దగ్గరే చీలుతుంది. మెల్లగా లాగండి, పిగులుతుంటే ఆ భాగం వదిలేయండి.

ఇప్పుడు లెక్క. నడుము కొలతకి మూడింతల గుడ్డ కావాలి. నడుము 24 అంగుళాలైతే 72, అంటే సుమారు 1.8 మీటర్లు. చీర ఐదున్నర మీటర్లు కదా, కొంగు వైపు జాకెట్‌కి కూడా మిగులుతుంది.

అసలు ట్రిక్ ఇక్కడుంది. చీర పన్నా సుమారు 45 అంగుళాలు. చెల్లెకి పొడవు ఎక్కువైందని కోయకండి. అంచుకి కొంచెం పైన, లోపలివైపు మడత పెట్టి దూరం దూరం కుట్టు వేయండి. సన్న సూదే వాడాలి, లేదంటే పట్టులో రంధ్రాలు ఉండిపోతాయి. వచ్చే ఏడు ఎత్తు పెరిగితే దారం విప్పితే చాలు, అదే లంగా మళ్లీ సరిపోతుంది.