డెలివరీ బండి మీద మన అపోహలు

రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో కొండాపూర్ సిగ్నల్ దగ్గర నిలబడితే, ముందు వరసలో వెనక పెద్ద సంచి కట్టుకున్న బళ్లు రెండు మూడైనా కనిపిస్తాయి. పచ్చలైటు పడీ పడకముందే అవి దూసుకుపోతాయి. పక్క కారులోంచి ఎవరో ‘వీళ్లకి ప్రాణమంటే లెక్కలేదు’ అని విసుక్కుంటారు. ఆయన ఇంటికి వెళ్లేసరికి ఆయన బిర్యానీ కూడా అలాంటి సంచిలోనే వస్తుంది.

అపోహ: అంతా కుర్రతనం, దూకుడు.

వాస్తవం: ‘ఆలస్యమైతే జరిమానా వెయ్యం, రైడర్ని తొందరపెట్టం’ అంటాయి కంపెనీలు. నిజమే అనుకుందాం. కానీ డబ్బు వచ్చేది గంటకి కాదు, ఆర్డరుకి. ఇన్ని ఆర్డర్లు దాటితేనే ఇన్సెంటివ్ అన్నప్పుడు వేరే జరిమానా ఎందుకు? హోటల్లో పార్సిల్ కోసం నిలబడ్డ ఇరవై నిమిషాలకి పెద్దగా దక్కేదేమీ ఉండదు. ఆ నష్టం రోడ్డు మీదే పూడ్చుకోవాలి. 2026 జనవరిలో కేంద్ర కార్మిక శాఖ జోక్యం తర్వాత ఒక ప్రధాన సంస్థ తన ప్రచారంలోంచి ‘10 నిమిషాల డెలివరీ’ మాట తీసేసింది. మంచిదే. ఆర్డరు లెక్కన కూలి మాత్రం అలాగే ఉంది.

అపోహ: వేగంగా వెళితే బోలెడు టైము కలిసొస్తుంది.

వాస్తవం: నాలుగు కిలోమీటర్ల దూరం 40 వేగంతో వెళితే ఆరు నిమిషాలు, 60తో వెళితే నాలుగు. మిగిలింది రెండు నిమిషాలు, అదీ దారిలో ఒక్క సిగ్నలూ పడకపోతే. ఎర్రలైటు ఒకటి తగిలితే ఆ ఆదా అక్కడే ఖర్చవుతుంది. కానీ 40 దగ్గర కంటే 60 దగ్గర గుద్దుకుంటే దెబ్బలో ఉండే శక్తి రెండుంపావు రెట్లు. ఇది కొత్త సంగతేమీ కాదు, బళ్లో చదువుకున్న లెక్కే.

అపోహ: హెల్మెట్ చలానా తప్పించుకోవడానికి.

వాస్తవం: 2022లో దేశంలో హెల్మెట్ లేకుండా ద్విచక్ర వాహనాల మీద ప్రమాదాల్లో పోయినవాళ్లు 50,029 మంది. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. హెల్మెట్ వాడకం తలకి దెబ్బ తగిలే ప్రమాదాన్ని సుమారు 69 శాతం, మరణాన్ని 42 శాతం తగ్గిస్తుందని పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. పట్టీ బిగించకుండా నెత్తిన పెట్టుకున్నది టోపీ కిందే లెక్క. రిజిస్ట్రేషన్ అక్కర్లేని, 25 కిలోమీటర్ల వేగం దాటని ఎలక్ట్రిక్ బండికి హెల్మెట్ ఎందుకనుకునేవాళ్లు, వెనక నుంచి వచ్చే బస్సు ఎంత వేగంతో వస్తుందో ఆలోచించాలి.

అపోహ: బ్లూటూత్ పెట్టుకున్నాగా, ఫోన్ మాట్లాడినా ఫరవాలేదు.

వాస్తవం: చేతులు ఖాళీగానే ఉంటాయి, బుర్ర ఉండదు. చేత్తో పట్టుకుని మాట్లాడటం కంటే ఇది పెద్దగా సురక్షితం కాదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

అపోహ: మందు కొట్టలేదు కదా, ఎంతసేపు నడిపినా ఏం కాదు.

వాస్తవం: పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన చట్టం పెట్టిన హద్దు 30. పొద్దున టిఫిన్ల ఆర్డర్లతో లాగిన్ అయి, అర్ధరాత్రి దాకా తిరిగేవాణ్ని ఏ బ్రెత్ ఎనలైజరూ పట్టుకోదు. పైగా దేశంలో ప్రమాదాలు ఎక్కువగా జరిగేది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య. రాత్రి భోజనం ఆర్డర్లు ముంచుకొచ్చేదీ అప్పుడే.

అపోహ: బండికి ఇన్సూరెన్స్ ఉందిగా!

వాస్తవం: అసలు చిక్కు ఇక్కడే. థర్డ్ పార్టీ పాలసీ మీరు గుద్దిన మనిషికి, మీకు కాదు. మీకోసం ఉన్నది 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. అదీ బండి మీ పేరున ఉండి, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే. తమ్ముడి బండో, స్నేహితుడి బండో తీసుకుని డెలివరీకి వెళ్లేవాళ్లకి ఇది వర్తించదు. కంపెనీ ఇచ్చే బీమా ఉంటే, అది లాగిన్‌లో ఉన్నప్పుడేనా, ఆర్డరు మీద ఉన్నప్పుడేనా, తిరుగు దారిలో కూడానా అన్నది దెబ్బ తగలకముందే అడిగి తెలుసుకోండి. ప్రమాదం జరిగితే, 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులు లక్షన్నర దాకా నగదు కట్టకుండా చికిత్స దొరుకుతుంది. ఎదుటి బండిది తప్పయితే, ట్రిబ్యునల్లో పరిహారం దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు ఆరు నెలలే.

అపోహ: పడిపోయినవాణ్ని ఆసుపత్రికి తీసుకెళితే కేసు మన మెడకు చుట్టుకుంటుంది.

వాస్తవం: చుట్టుకోదు. మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ మీకు రక్షణ.

ఇక ఆర్డరు పెట్టే మనం చేయగలిగింది కొంత ఉంది. మ్యాప్‌లో గుర్తు సరిగ్గా ఇంటి గుమ్మం మీదే పెట్టండి, ఫ్లాటు నంబరు, లిఫ్టు ఎటువైపో ముందే రాయండి. అతను దారిలో ఉన్నట్టు ఫోన్‌లో కనిపిస్తున్నప్పుడు ‘ఎక్కడున్నావు బాబూ’ అని మాత్రం ఫోన్ చేయకండి.