భార్య వాటా సున్నా ఎందుకైంది?

మగ్రిబ్ నమాజు తరువాత మా మదరసాలో ఫరాయిజ్ పాఠానికి వచ్చే విద్యార్థులలో ఒకడు పగలు డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ చదువుతున్నాడు. ఒకనాడు అతడు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందుంచాడు. "మౌలానా! ఆస్తి పంపకానికి జావాలో ప్రోగ్రామ్ వ్రాశాను. తప్పేదీ చూపడం లేదు. లెక్క మాత్రం మీరు చెప్పినట్లు రావడం లేదు" అన్నాడు.

అతడు తీసుకున్న ఉదాహరణ సులభమైనదే. మరణించిన వ్యక్తికి భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు. పంచవలసినది 16,00,000 రూపాయలు. సూరా అన్నిసా 11, 12 ఆయతుల ప్రకారం సంతానం ఉన్నందున భార్యకు ఎనిమిదో వంతు, అంటే 2,00,000 చెందుతుంది. మిగిలిన దానిలో కుమారునికి 7,00,000, కుమార్తెలకు 3,50,000 చొప్పున వస్తుంది. తెరమీద మాత్రం కుమారునికి 8,00,000, కుమార్తెలకు 4,00,000 చొప్పున కనిపించాయి. భార్య పేరు ఎదుట సున్నా ఉంది!

కారణం అతడే వెదకి పట్టుకున్నాడు. ఒకటిని ఎనిమిదితో భాగించి, వచ్చిన దానిని ఆస్తితో గుణించమని వ్రాశాడు. జావాలో రెండు పూర్ణ సంఖ్యలను భాగిస్తే జవాబు కూడా పూర్ణ సంఖ్యగానే వస్తుంది. మిగిలిన భిన్నం రాలిపోతుంది. ఒకటిలో ఎనిమిది ఎన్నిసార్లు? సున్నా. సున్నాను 16 లక్షలతో గుణించినా సున్నాయే. జావా దృష్టిలో ఇది తప్పు కాదు, కనుక ఎర్ర గీత గీయదు. మరింత ప్రమాదకరమైన విషయం ఏమిటంటే, అన్ని వాటాలనూ కూడితే సరిగ్గా 16 లక్షలే వస్తున్నాయి. మొత్తం సరిపోయిందని సంతోషించేవాడు ఆ విధవరాలి హక్కు పోయిన సంగతి గమనించనే గమనించడు. అందుకే జవాబు ముందే తెలిసిన రెండు మూడు లెక్కలను కాగితం మీద చేసుకొని, ప్రోగ్రామ్‌ను వాటితో పరీక్షించాలి.

దశాంశ సంఖ్యలను వాడుదామని అతడు మొదట అనుకున్నాడు. కాని జావా లెక్కలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందట! హక్కుల లెక్కకు అది తగదు. ఫరాయిజ్ పండితులు శతాబ్దాల క్రితమే దీనికి మార్గం చూపారు. వారు భిన్నాలతో లెక్క ముగించరు, మొత్తం ఆస్తిని తగినన్ని సమాన భాగాలుగా చేస్తారు. ఇక్కడ మూలం ఎనిమిది. భార్యకు ఒకటి పోగా మిగిలిన ఏడు, సంతానపు నాలుగు వాటాలకు సమంగా పంచబడదు. కనుక ఎనిమిదిని నాలుగుతో గుణించి 32 చేస్తారు: భార్యకు 4, కుమారునికి 14, కుమార్తెలకు 7 చొప్పున. ముందు ఆస్తిని వాటాతో గుణించి, ఆ తరువాత 32తో భాగించమన్నాను. లెక్క కుదిరింది. అల్గారిథమ్ అనే మాటకు మూలమైన అల్ ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగాన్ని వసీయతు, వారసత్వ లెక్కలకే కేటాయించారని చెబితే అతడు ఆశ్చర్యపోయాడు.

అయితే ముందు గుణించడంలో మరో చిక్కుంది. 'ఇంట్' అనే పెట్టెలో 214 కోట్లకు కొంచెం పైన మాత్రమే పడుతుంది. 20 కోట్ల ఆస్తిని 14తో గుణిస్తే 280 కోట్లు. పెట్టె పొంగి ఋణ సంఖ్య వస్తుంది. 'లాంగ్' వాడితే బాధ లేదు.

ఇంతలో భార్య మరోసారి మాయమైంది. "భార్య ఉన్నదా?" అని ప్రోగ్రామ్ అడిగినప్పుడు "అవును" అని టైపు చేసినా లేనట్లే లెక్కిస్తున్నది. అక్షరాల మాటలను రెండు సమాన చిహ్నాలతో పోల్చడమే దోషం. ఆ చిహ్నాలు రెండు చోట్లా ఉన్నది ఒకే వస్తువా అని చూస్తాయి గాని, వ్రాత ఒకటేనా అని చూడవు. నా చేతిలోని ముస్‌హఫ్, నీ చేతిలోనిది వేర్వేరు ప్రతులు. వాక్యాలు మాత్రం ఒకటే. వాక్యాలను పోల్చాలంటే 'ఈక్వల్స్' వాడాలి.

చివరకు నేనొక ప్రశ్న వేశాను: "ఈ 16 లక్షలు ఏవేవి తీసివేశాక మిగిలినవి?" ఖననపు ఖర్చులు, అప్పులు, మూడో వంతుకు మించని వసీయతు పోయిన తరువాతే వారసుల వంతు వస్తుంది. మన ఇళ్లలో ఎందరో భర్తలు చెల్లించకుండానే కన్నుమూసే మహర్ కూడా అప్పే. అది ఎనిమిదో వంతులో భాగం కాదు. దానికి ముందే ఆమెకు చెందవలసినది.

మరునాడు అతడు ప్రోగ్రామ్ మొదట్లో కొత్త ప్రశ్న చేర్చుకొని వచ్చాడు: "భార్యకు మహర్ చెల్లించారా?" జవాబును 'ఈక్వల్స్'తోనే పోల్చాడు.