కెరటం, గిటారు, బడిపిల్లలు

అండమాన్ రాజధాని పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారినది గాని, ఒక పాటలో మాత్రం అది ఇప్పటికీ పోర్ట్ బ్లెయిరే. ఆ పాట పేరు ‘హోల్స్ టు హెవెన్’. కట్టినవారు హవాయి ద్వీపవాసి జాక్ జాన్సన్. 2003లో వెలువడిన ‘ఆన్ అండ్ ఆన్’ సంపుటిలో అది చేరినది. పడవ మొరాయించగా రేవులో చిక్కుకుపోయిన పరదేశి ముచ్చట అందులో ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి 13 మందికి మాతృభాష తెలుగే. బతు బస్తీ వంటి పేటలలో మన మాట వినవచ్చే ఆ పట్టణం, లోకమంతా విన్న గీతాలలోనికి ఇలా ఎక్కినదని మనలో ఎందరికి తెలుసు?

ఆ పరదేశి వచ్చినది కెరటాల కోసం. సర్ఫింగ్ అనే మాటను తెలుగులో ఎలా చెప్పాలన్నది నావంటి అనువాదకులకు ఎప్పుడూ చిక్కే. ‘కెరటాల సవారీ’ అనవచ్చు. కాని ఉత్తరాంధ్ర తీరం నుంచి అండమాన్‌కు వలస వెళ్ళిన మత్స్యకారులు ఆ మాట విని నవ్వుకోవచ్చు. విరిగిపడే కెరటం మీదుగా తెప్పను ఒడ్డుకు చేర్చడం వారికి తాతలనాటి విద్య. దానిని వారు వినోదమని ఏనాడూ అనలేదు.

1998లో ఫోటోగ్రాఫర్ జాన్ కాలహన్ ఉన్న సర్ఫర్ల బృందం ‘క్రెసెంట్’ అనే నౌకపై థాయిలాండ్‌లోని ఫుకెట్ నుంచి బయలుదేరి, పోర్ట్ బ్లెయిర్‌లో అనుమతులు పొంది, దక్షిణాన ఉన్న లిటిల్ అండమాన్ కెరటాలను బయటి ప్రపంచానికి చూపినది. ఆ కాలంలోనే జాన్సన్ కూడా మిత్రులతో, ఫిలిం కెమెరాతో బంగాళాఖాతానికి వచ్చారు. వారు తీసిన ‘థిక్కర్ దాన్ వాటర్’ అనే చిత్రం 2000లో విడుదలైనది. పోటీలూ వ్యాఖ్యానాలూ లేని చిత్రమది. నీరు, వెలుగు, వెనుక గిటారు.

అసలు గిటారుతో ఆయనకు చెలిమి పెరగడానికి ఒక ప్రమాదం తోడైనది. ఒవాహు దీవి ఉత్తర తీరంలో, ‘పైప్‌లైన్’ అనే కెరటానికి చేరువలో పెరిగిన బాలుడాయన. తండ్రి జెఫ్ జాన్సన్ కూడా పేరున్న సర్ఫరే. ఆ కెరటం లోతులేని నీటిలో, రాతిదిబ్బ మీద విరుగుతుంది. పట్టు తప్పినవాడికి కింద మెత్తని ఇసుక ఉండదు. 17 ఏళ్ళ వయసులో జాన్సన్ ఆ దిబ్బకే తగిలి, పళ్ళు రాలి, ముఖాన 150కి పైగా కుట్లు పడి ఒడ్డు చేరారు. కోలుకునే రోజులలో గిటారు తీగెలు దగ్గరైనాయి. ఆపై శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సినిమా కళ చదివారు.

కిమ్‌తో పరిచయమైనది అక్కడే. వారి వివాహం 2000లో జరిగినది. పత్రికలు భర్తను గూర్చి వ్రాసినంతగా భార్యను గూర్చి వ్రాయవు. ఇది సర్వత్రా ఉన్నదే. కాని ఈ కథలో నిలువుదూలం ఆమె అని నా అభిప్రాయం. ఉపాధ్యాయవృత్తి నుంచి వచ్చిన ఆమె భర్త సంగీత వ్యవహారాల నిర్వహణలో భాగం తీసుకున్నారు. 2001లో తొలి సంపుటి ‘బ్రష్‌ఫైర్ ఫెయిరీటేల్స్’, మరుసటి ఏడాది సొంత రికార్డుల సంస్థ ‘బ్రష్‌ఫైర్’ వచ్చాయి. 2008 నాటి సంపుటి అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరినది.

ఇక్కడినుంచే ప్రశ్న మొదలవుతుంది. సర్ఫర్ల జీవితం అమ్ముడుపోయే సరుకు. ఎన్నడూ సముద్రంలో కాలు పెట్టనివారు కూడా కెరటం బొమ్మ ఉన్న చొక్కా కొంటారు. ‘బ్రాండ్’ అనే ఆంగ్ల పదానికి మూలార్థం కాల్చడం. పశువుకు వాత పెట్టి ‘ఇది నాది’ అనడం. సముద్రానికి అలా వాత పెట్టి తన సొత్తు అనే హక్కు ఎవరికి ఉన్నది? ఎవరికీ లేదంటే, దాని పేర వచ్చిన డబ్బు ఎక్కడికి పోవాలి?

ఈ దంపతులు దానికి మాటలతో జవాబు చెప్పలేదు, లెక్కలతో చెప్పారు. 2003లో ‘కోకువా హవాయి ఫౌండేషన్’ స్థాపించారు. కోకువా అంటే హవాయి భాషలో తోడ్పాటు. మరుసటి ఏడాది నుంచి కోకువా సంగీతోత్సవాల రాబడితో ఆ దీవుల బడులలో పర్యావరణ విద్య నడిపారు. 2006లో ‘క్యూరియస్ జార్జ్’ అనే పిల్లల చిత్రానికి జాన్సన్ కూర్చిన పాటలలో, వాడకం తగ్గించు, మళ్ళీ వాడు, మార్చి వాడు అని బోధించేది ఒకటి ఉన్నది. సంస్థవారి బడి కార్యక్రమంలోనూ ఆ మూడు సూత్రాలే పాఠం. 2008, 2010 సంవత్సరాల ప్రపంచ పర్యటనల లాభమంతా ధర్మకార్యాలకే పోయినది. లాస్ ఏంజెలెస్‌లోని వారి స్టూడియో సౌరవిద్యుత్తుతో నడిచినది. గోడలలో పాత జీన్స్ గుడ్డల పీచు కూరారు. కచేరీకి వచ్చినవారు సీసాలు తెచ్చుకుని నీళ్ళు పట్టుకునే ఏర్పాటూ చేశారు.

లారీలు, విమానాలు లేకుండా ప్రపంచ పర్యటన జరుగుతుందా అని ఎవరైనా అడుగవచ్చు. జరుగదు. వాహనాలలో బయోడీజిల్ పోయించినంత మాత్రాన పొగ మాయం కాదు. అయినా ఆ చిక్కును దాచిపెట్టక, పర్యటన నియమాలలోనే వ్రాసుకున్న కళాకారులు ఎక్కువమంది లేరు.

సముద్రం మాత్రం ఎవరి ఉద్దేశాలనూ చూడదు. జాన్సన్ అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంపై శాస్త్రజ్ఞులతో ప్రయాణించి, వలతో జల్లెడ పట్టి, కంటికి ఆనీ ఆనని ప్లాస్టిక్ తునకలను చూశారు. ‘ది స్మాగ్ ఆఫ్ ది సీ’ అనే చిత్రంలో ఆ యాత్ర ఉన్నది. మన వైపునా అదే కథ. గ్రేట్ నికోబార్ తీరాలలో పరిశోధకులు ఏరిన ప్లాస్టిక్ సీసాల మీద మలేషియా, ఇండోనేషియా, థాయిలాండ్ వంటి పలు దేశాల చీటీలు కనిపించాయని 2020లో ప్రకటించారు. అండమాన్ మత్స్యకారుని వలలో పడే సీసా ఏ దేశపుదో అతడు చదువలేకపోవచ్చు, దానిని విదిలించి పారవేయవలసినవాడు మాత్రం అతడే. ఆ దీవులలో చెత్త పూడ్చేందుకు చోటు తక్కువ. హవాయిలోనూ అంతే.

అందుకే కిమ్, జాక్ పని పాటలతో ఆగలేదు. బడితోటలు, ఎరువు గుంటలు, తీరాల శుభ్రత, ప్లాస్టిక్ లేని మధ్యాహ్న భోజనపు పెట్టెలు - సంస్థ చేతినిండా ఇవే. ఒవాహు ఉత్తర తీరాన హలేయివా వద్ద పిల్లల కోసం ఒక వ్యవసాయ క్షేత్రాన్ని కూడా ఏర్పరచారు. హవాయివారు ‘కాలో’ అని పిలుచుకునే వారి పూర్వుల ఆహారపంట మనకు కొత్తదేమీ కాదు. మన పెరళ్ళలో పెరిగే చేమదుంపే.