మండల దీక్షగా గిటారు సాధన

చైత్ర పౌర్ణమి సమీపించుచున్నదనగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుండి కొండగట్టునకు వచ్చు మార్గములు కాషాయవర్ణము దాల్చును. మెడలో మాల, భుజమున సంచి, నోట రామనామము. ఆంజనేయ దీక్షాపరులు గుంపులు గుంపులుగా నడచి వత్తురు. 41 దినములు చన్నీటి స్నానము, నేలపడక, నియమిత భోజనము సాగించి, కొండపైన మాల విరమింతురు. వీరందరు విరాగులు కారు. మగ్గము నడుపువారు, పొలము దున్నువారు, కళాశాలలకు పోవు కుర్రవారు. మామూలు దినములలో ఎండ ముఖమున పడినను లేవని యువకుడు ఈ 41 దినములు మాత్రము కోడి కూయకముందే లేచుట యెట్లు సాధ్యమగుచున్నది? క్రొత్తగా గిటారు చేతబట్టినవారు ఈ ప్రశ్నను గూర్చి కొంచెము ఆలోచింపవలెను.

ఈ ప్రాంతమున గల్ఫు దేశములకు పోయి పనిచేయువారు అనేకులు. సెలవునకు వచ్చునపుడు మేనల్లుని ముచ్చట తీర్చుటకు గిటారు తెచ్చు మేనమామలు కలరు. వాద్యము ఇంటికి వచ్చిన మొదటి వారము పండుగవలె నుండును. రెండవ వారము వ్రేళ్ళు నొప్పిపెట్టును. మూడవ వారమునకు గిటారు బీరువా మీది కెక్కును. ఇది మన పిల్లల లోపమే యనుకొనరాదు. అమెరికాలో గిటారులు తయారుచేయు ఫెండర్ సంస్థవారే, క్రొత్తగా మొదలుపెట్టినవారిలో నూటికి తొంబదిమంది ఒక సంవత్సరములోపల విడిచిపెట్టుచున్నారని చెప్పియున్నారు. పోయిన సొమ్మును గూర్చి నాకంత చింత లేదు. "నాకు సంగీతము రాదు" అను తీర్పు పదునాలుగేండ్ల పిల్లవాడు తనకు తానే చెప్పుకొని, దానిని జీవితాంతము మోయును. అది పెద్ద నష్టము.

ఈ తీర్పు తరచుగా అన్యాయమైనది. ఏలయన దోషము పిల్లవానిది కాక వాద్యమునది కావచ్చును. చౌక గిటారులలో తీగలు మెట్లకు మిక్కిలి ఎత్తున నుండును. పండ్రెండవ మెట్టు వద్ద తీగకును మెట్టునకును నడుమ రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఎడమున్న చాలును. నాలుగు మిల్లీమీటర్లున్నచో అనుభవజ్ఞుని వ్రేళ్ళకే కష్టము, పసివాని వ్రేళ్ళ మాట చెప్పనేల! దుకాణములో పనితెలిసినవారు దీనిని కొద్దిసేపటిలో సరిచేయుదురు. ఉక్కు తీగల గిటారు కంటె నైలాను తీగల గిటారు వ్రేళ్ళకు మెత్తన. నొప్పి మాత్రము కొంత తప్పదు. కొన్ని వారములలో వ్రేలికొనల చర్మము గట్టిపడి బాధ దానంతట అదే పోవును. దినమునకు రెండు గంటలు వాయించినంత మాత్రమున చర్మము త్వరగా గట్టిపడదు, పుండగును. రోజూ ఇరువది నిమిషములు చాలును.

ఇక దీక్ష సంగతి. దీక్షాపరుడు ప్రతి ఉదయము "నేడు లేవవలెనా, వద్దా" అని తర్కించుకొనడు. ఆ నిర్ణయము మాల వేసుకొన్ననాడే జరిగిపోయినది. వేళ నిర్ణీతము, గడువు నిర్ణీతము, సాయంకాలము కూడి భజన చేయుటకు తోడివారు కలరు, చివర నలుగురి యెదుట విరమణ కలదు. ఉత్సాహము ఉన్ననాడు వాయింతునను వాడు ఉత్సాహము లేనినాడు మానును. వేళకు వాయించువానికి ఉత్సాహము లేకపోయినను పని జరిగిపోవును. లండనులోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో ప్రకటించిన అధ్యయనమున 96 మందిని పరిశీలించి, ఒక క్రొత్త పని అప్రయత్నముగా జరుగు అలవాటగుటకు సగటున 66 దినములు పట్టునని తేల్చిరి. కొందరికి 18 దినములే చాలునట, కొందరికి 254 దినములు పట్టవచ్చునట. నడుమ ఒకనాడు తప్పినంత మాత్రమున అలవాటు చెడదని కూడ వారు చెప్పిరి. దీక్షకును సాధనకును ఇక్కడ భేదము కలదు: జ్వరము వచ్చి ఒకనాడు మానినవాడు మరునాడు మరల గిటారు తీయవచ్చును, దోషమేమియు లేదు.

ఆ ఇరువది నిమిషములలో ఏమి చేయవలెను? ముందు శ్రుతి చేయుట. ఆరు తీగలును శ్రుతిలో లేని గిటారుపై ఎంత వాయించినను చెవికి విసుగే మిగులును. దీనికి చరవాణిలో సాధనములు కలవు. తరువాత రెండు స్వరగుచ్ఛములు, అనగా గిటారు వాద్యకులు కార్డ్ అను స్వరసమూహములు, జీ నుండి సీకి, సీ నుండి జీకి మారుట. ఒక నిమిషములో ఎన్నిమారులు శుభ్రముగా మారగలిగితిమో లెక్కించి, గోడమీది కేలండరులో ఆ తేదీ గడిలో వ్రాయవలెను. మొదటినాడు ఆ అంకె మిక్కిలి చిన్నదిగా నుండును. కానిండు. మూడవ వారమున "నేనేమియు ముందుకు పోవుటలేదు" అని మనసు చెప్పినపుడు గోడ వేరొక మాట చెప్పును. మిగిలిన సమయము ఒక పాటకు. చరవాణిలో రోజుకొక క్రొత్త పాఠము తెరచు అలవాటు నాకు నచ్చదు. పది పాఠములు చూచి ఒక పాటయు రానివారిని చూచుచున్నాము.

గురువు దగ్గరలో లేడనుట మన పల్లెలలో నిజమైన చిక్కే. పాలకొల్లున 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ విషయము ఇచట జ్ఞాపకము చేసికొనదగినది. ఆయనకు కర్ణాటక సంగీతము నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. గురువు పాడెడివారు, బాలుడు విని దానిని తీగలపై పలికించెడివాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసిన ఆ బాలుడు 2014లో మరణించునప్పటికి ఆ పాశ్చాత్య వాద్యమును కర్ణాటక సంగీత వేదికపై స్థిరపరచెను. అందరు శ్రీనివాసులగుదురని నా అభిప్రాయము కాదు. వాద్యము తెలియకున్నను పాట తెలిసినవారు గురువు కాగలరని మాత్రమే. భజన పాడు నాయనమ్మ ఇంటనున్నచో ఆమె చాలును. మనుమడు ఎక్కడ తాళము తప్పెనో, ఎక్కడ అపస్వరము పలికెనో, గిటారు ముట్టకయే చెప్పగలదు. ఆమె ఐదు శ్రుతిలో పాడునేని జీ, సీ, డీ అను మూడు స్వరగుచ్ఛములతో అనేక భజనలకు సరిపోవును. తాతగారు ఒకటి శ్రుతిలో అందుకొన్నచో, కేపో అను చిన్న బిగింపును ఐదవ మెట్టున తగిలించి అవే వ్రేళ్ళతో వాయింపవచ్చును. గమకములు నిండిన కీర్తనలకు ఈ పద్ధతి పొసగదు; సూటియైన భజన వరుసలకు చక్కగా నొప్పును.

ఇంటివారికొక మనవి. "ఎప్పుడూ గదే మోతనా?" అను మాట మూడవ వారమున వినబడినచో మేలైన గిటారు కూడ బీరువా ఎక్కును. ఆ వారము వంటింటినుండియైనను ఒక చరణము అందుకొని పాడుడు.

నలుబది యొకటవ నాడు ఇంటిల్లిపాది యెదుట ఒక భజన మొదటినుండి తుదివరకు ఆగక వాయించుట విరమణగా పెట్టుకొనవచ్చును. చూపుడు వ్రేలితో ఆరు తీగలను అదుముట చాలమంది చేత గిటారు మాన్పించునది గనుక ఆ విధమైన ఎఫ్ స్వరగుచ్ఛమును మొదటి మండలమున ముట్టకుండుట మంచిది. చైత్ర పౌర్ణమినాటి చిన్న జయంతి నుండి వైశాఖ బహుళ దశమినాటి పెద్ద జయంతికి ఇంచుమించుగా మరియొక మండలమున్నది. ఎఫ్‌ను అప్పుడు పట్టవచ్చును.