క్లచ్ విడవకపోతే?

ఈ రోజుల్లో చాలామంది ఆడవాళ్ళు కారు నడుపుతున్నారు. కొందరికి అదే బతుకుతెరువు. బండి ఒక రోజు ఆగితే ఆ రోజు సంపాదన పోయినట్టే. అందుకే బండి నడపడంతో పాటు దాని జబ్బులు కూడా కొంత తెలిసి ఉండాలి. వాటిలో ఒకటి క్లచ్ విడవకపోవడం.

క్లచ్ ఏం చేస్తుంది?

మీ రెండు అరచేతులూ గట్టిగా ఆనించండి. ఒక చెయ్యి తిప్పితే రెండోది కూడా తిరుగుతుంది. ఇప్పుడు చేతులు కాస్త ఎడం చెయ్యండి. ఒకటి తిప్పినా రెండోది కదలదు.

క్లచ్ పని ఇదే. ఇంజనుతో పాటు ఒక చక్రం తిరుగుతుంది. దానికి క్లచ్ ప్లేటు ఆనుకుని ఉంటుంది. ప్లేటు తిరిగితే ఆ బలం గేర్ బాక్సుకు, అక్కడి నుంచి బండి చక్రాలకు చేరుతుంది. ఎడమ కాలితో పెడల్ తొక్కితే ప్లేటు విడిపోతుంది. అప్పుడే గేరు మెత్తగా పడుతుంది.

జబ్బు ఎలా తెలుస్తుంది?

పెడల్ పూర్తిగా తొక్కినా గేరు పడదు. కరకరమని చప్పుడు వస్తుంది. రివర్స్ గేరు వేస్తే ఈ చప్పుడు ఎక్కువ.

ఒక్కోసారి పెడల్ తొక్కి ఉంచినా బండి కదిలిపోతుంది. ఇది ప్రమాదం. ముందు పసిపిల్లలు ఉంటే? వెంటనే బ్రేకు తొక్కండి. ఇంజను ఆపెయ్యండి. హ్యాండ్ బ్రేకు వెయ్యండి.

గేరును బలవంతంగా తొయ్యకండి. లోపలి పళ్ళు పాడవుతాయి. మళ్ళీ స్టార్ట్ చేసే ముందు బండి న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. గేరులో ఉంటే బండి ఒక్కసారిగా దూకుతుంది.

ముందు ఏం చూడాలి?

1. కాళ్ళ కింది మ్యాట్: అది మడతపడి పెడల్ కిందికి చేరితే పెడల్ చివరిదాకా దిగదు. తీసి సరిచేస్తే చాలు. పైసా ఖర్చు లేదు.

2. క్లచ్ వైరు: కొన్ని కార్లలో పెడల్‌కి వైరు ఉంటుంది. బావి చేంతాడు సంగతి మీకు తెలుసు. తాడు వదులుగా ఉంటే ఎంత లాగినా ముందు ఆ వదులే పోతుంది, బక్కెట పైకి రాదు. వైరు వదులైతే పెడల్ సంగతీ అంతే. మెకానిక్ దాన్ని బిగిస్తాడు. పోగులు తెగి ఉంటే కొత్తది వేయించాలి.

3. క్లచ్ ఆయిల్: కొన్ని కార్లలో వైరు ఉండదు. ఆయిల్ ఉంటుంది. దాని డబ్బా మీద రెండు గీతలు ఉంటాయి. ఆయిల్ ఆ గీతల మధ్య ఉండాలి. కింది గీత కంటే తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే. పోసి ఊరుకోకూడదు, కారేచోటు బాగుచేయించాలి. గాలి చేరినా పెడల్ మెత్తగా దిగిపోతుంది. ఆ గాలి తీయించాలి. డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. ఆ అంకె చదివి అదే ఆయిల్ కొనండి.

4. తుప్పు: బండి నెలల తరబడి కదలకపోయినా, వరద నీళ్ళలో నిలిచినా ప్లేటు తుప్పుతో అతుక్కుపోవచ్చు.

ఇవేవీ కాకపోతే లోపం లోపల ఉన్నట్టు. గేర్ బాక్స్ దించాలి. ఖర్చు ఎక్కువ.

మెకానిక్‌ని ఏం అడగాలి?

“ప్లేటు అరిగింది, మార్చాలి” అంటే వెంటనే తల ఊపకండి. ప్లేటు అరిగితే సాధారణంగా క్లచ్ జారుతుంది. అంటే ఇంజను రొద పెరుగుతుంది కానీ బండి వేగం పెరగదు. క్లచ్ విడవకపోవడం వేరే జబ్బు. “వైరు చూశారా? ఆయిల్ చూశారా?” అని అడగండి. తీసిన పాత సామాను చూపించమనండి. బిల్లు చదివాకే డబ్బు ఇవ్వండి.

చెప్పండి చూద్దాం

1. పెడల్ తొక్కినా బండి కదులుతుంటే ముందు ఏం చెయ్యాలి?
2. క్లచ్ జారడానికి, విడవకపోవడానికి తేడా ఏమిటి?
3. డబ్బు ఖర్చు కాకుండా మీరే సరిచేయగల లోపం ఏది?