గుండు లేని తుపాకీకి చట్టమెందుకు?

తుపాకీ తూటాలో ఉండేవి నాలుగే: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. వీటిలో గుండును తీసేసి, మూతిని నొక్కేసి గానీ ప్లాస్టిక్ బిళ్లతో గానీ మూసేస్తే మిగిలేది బ్లాంక్ తూటా. ట్రిగ్గర్ నొక్కగానే ప్రైమర్ అంటుకుని మందు క్షణంలో వాయువైపోతుంది. ఆ వేడి వాయువు ఒక్కసారిగా బయటి గాలిని తోయడం వల్లే అంత చప్పుడు. దూరం పోయి తగిలేదేమీ ఉండదు కాబట్టి సైనిక శిక్షణకు, గౌరవ వందనానికి, పరుగు పందేలకు, నాటకాలకు, సినిమాలకు, వేటకుక్కల్ని చప్పుడుకు అలవాటు చేయడానికి ఇది బాగా అక్కరకొచ్చింది. అయినా గుండు లేదు గనక ప్రమాదమూ లేదనుకోకూడదు. 1984లో అమెరికన్ నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ షూటింగ్ విరామంలో బ్లాంక్ తూటా ఉన్న రివాల్వర్‌ను కణతకు ఆనించుకుని పేల్చుకున్నాడు. తూటాలోంచి వచ్చిన తాకిడికే పుర్రె ఎముక విరిగి మెదడులోకి దిగింది. కొద్ది రోజులకే ఆయన చనిపోయాడు.

సైనికుడి ఆటోమేటిక్ రైఫిల్‌లో బ్లాంక్ తూటా పెడితే ఒక చిక్కు వస్తుంది. గుండు అడ్డు లేకపోవడంతో వాయువు తేలిగ్గా వెళ్లిపోతుంది, తర్వాతి తూటాను లోపలికి తెచ్చే యంత్రాంగానికి చాలినంత ఒత్తిడి అందదు. అందుకే శిక్షణలో గొట్టం మూతికి ప్రత్యేకమైన బిరడా బిగిస్తారు. మామూలు జనం కోసం తయారైన బ్లాంక్ పిస్టల్‌లో ఆ అడ్డును పుట్టుకతోనే పెట్టారు. జర్మనీలో ఎక్కువగా వాయువు గొట్టం ముందు నుంచే పోతుంది, కాకపోతే లోపల గట్టి ఉక్కు అడ్డంకులుంటాయి. బ్రిటన్‌లో అమ్మిన రకాల్లో గొట్టాన్ని పూర్తిగా మూసి, వాయువు పోవడానికి పైభాగాన రంధ్రం వదిలారు. ఇలాంటి పిస్టళ్ల ఒళ్లు చాలావరకు జింక్ కలిసిన పోత లోహం. అసలు తూటా ఒత్తిడికి తట్టుకోదని, అసలు తూటా లోపల ఇమడదని తయారీదారులు చెప్పే ధీమా అంతా ఆ అడ్డు మీదా, ఈ లోహం మీదా ఉంది. అంటే చప్పుడు చేసే వస్తువుకూ ప్రాణం తీసే ఆయుధానికీ మధ్య ఉన్న ఎడం కొన్ని సెంటీమీటర్ల లోహం. బ్లాంక్ తుపాకీ ఎవరి దగ్గర ఉండవచ్చో తేల్చే చట్టం మొట్టమొదట పరీక్షించాల్సింది ఆ లోహాన్నే, అదీ వస్తువు దుకాణానికి చేరకముందే. ఈ వ్యాసం వాదన ఇదే.

చట్టాలు ఎక్కువగా చూసింది లోహాన్ని కాదు, రూపాన్ని. అందుకు కారణం లేకపోలేదు. 1981 జూన్ 13న లండన్‌లో గుర్రమెక్కి కవాతుకు వెళుతున్న ఎలిజబెత్ రాణి వైపు 17 ఏళ్ల కుర్రాడొకడు ఆరు బ్లాంక్ తూటాలు పేల్చాడు. రాణికి గాయమేమీ కాలేదు, కానీ 1842 నాటి రాజద్రోహ చట్టం కింద అతనికి అయిదేళ్ల జైలు పడింది. చూసేవాళ్ల భయం నిజమైనదే, దాన్ని కలిగించినవాణ్ని శిక్షించాల్సిందే. అందుకే బ్రిటన్‌లో నకిలీ తుపాకీతోనైనా సరే జనాన్ని బెదిరించాలనుకుంటే పదేళ్ల వరకు జైలు ఉంది, సరైన కారణం లేకుండా దాన్ని బహిరంగ స్థలంలోకి తేవడమూ నేరమే. 2006లో మరో చట్టం వచ్చి, అసలుదానిలా కనిపించే నకిలీల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది. సినిమా, నాటకం, మ్యూజియం, చారిత్రక ఘట్టాల ప్రదర్శన వంటివాటికి మినహాయింపులిచ్చింది. అప్పటినుంచి కొట్టొచ్చినట్టు కనిపించే నీలం, నారింజ వంటి రంగుల తుపాకులు పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు లైసెన్సు లేకుండానే దొరికాయి. రంగు చూసేవాళ్లకు ధైర్యమిస్తుందే తప్ప గొట్టం లోపలి లోహాన్ని ఏమీ మార్చదు. పైగా దానిమీద నల్లరంగు పూయడానికి ఎంతోసేపు పట్టదు.

లోపలికి తొంగిచూసిన చట్టం బ్రిటన్‌లోనే అంతకు ముందే, 1982లో వచ్చింది. బ్లాంక్ తుపాకుల చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. తుపాకుల తయారీలో ప్రత్యేక నైపుణ్యం లేనివాడు, ఇంటి మరమ్మతులకు జనం మామూలుగా వాడే పనిముట్లతోనే ఒక నకిలీని అసలుదిగా మార్చగలిగితే, ఆ నకిలీని మార్చకముందే అసలు తుపాకీగా లెక్కించాలని ఆ చట్టం అంటుంది. వస్తువు ఏమిటన్న ప్రశ్నతో ఆగకుండా, అది ఎంత తేలిగ్గా ఏమవుతుందన్న ప్రశ్న వేసింది. దీని ప్రకారమే ఇటలీలో తయారైన ఒలింపిక్ రకం బ్లాంక్ రివాల్వర్లను 2010లో నిషిద్ధ ఆయుధాలుగా తేల్చారు. ఆ తర్వాత టర్కీ నుంచి వచ్చిన రెటే, ఎకోల్, సియోనిక్, బ్లో పేర్లతో అమ్మే పిస్టళ్ల వంతు వచ్చింది. 2021 నుంచి బ్రిటన్ పోలీసులు నేరస్థుల దగ్గర ఇలా మార్చిన పిస్టళ్లను 800కు పైగా పట్టుకున్నారు. పరీక్షించి చూస్తే ఆ నాలుగు రకాలూ 1982 కొలతకు దొరికిపోయాయి. 2025 ఫిబ్రవరి 3 నుంచి 28 వరకు ఇంగ్లండ్, వేల్స్‌లలో వాటిని పోలీసులకు అప్పగించే గడువిచ్చారు. ఆ తర్వాత దగ్గర ఉంచుకుంటే పదేళ్ల వరకు జైలు.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. నిన్న దుకాణంలో రసీదు తీసుకుని కొన్న వస్తువు, చట్టంలో ఒక్క అక్షరమూ మారకుండానే, ఇవాళ నేరం ఎలా అవుతుంది? ఇది న్యాయమైన ప్రశ్న. మార్చడానికి వీలుందని తనకు తెలియదని, అనుమానించే కారణమూ లేదని నిరూపించుకోగలిగితే 1982 చట్టమే ఆ మనిషిని నిర్దోషి అంటుంది. గడువు ఇచ్చిందీ ఇందుకే. కానీ ఈ ఊరట చాలదు. వేల మంది కొన్నాక, వందల పిస్టళ్లు నేరాల్లో దొరికాక పరీక్ష చేయడమే అసలు లోపం. జర్మనీలో బ్లాంక్ తుపాకీ అమ్మకానికి రావాలంటే ముందుగా జాతీయ కొలతల సంస్థ పీటీబీ పరీక్షలో నెగ్గి, ఆ ముద్ర వేయించుకోవాలి. 18 ఏళ్లు నిండినవారెవరైనా కొనవచ్చు గానీ, వెంట తీసుకుని తిరగాలంటే 2003 నుంచి చిన్న ఆయుధ లైసెన్సు కావాలి. యూరోపియన్ యూనియన్ కూడా 2019లో సాంకేతిక నియమాలు పెట్టింది: గొట్టాన్ని ఊడదీయాలని చూస్తే తుపాకీయే పాడైపోవాలి, అడ్డంకులు కదిలించడానికి వీల్లేకుండా ఉండాలి, మామూలు పనిముట్లకు లొంగకూడదు. ఈ జాగ్రత్తకు ముందు నెత్తురు చిందింది. 2015 జనవరిలో పారిస్‌లో యూదుల కిరాణా దుకాణంలో నలుగుర్ని చంపినవాడి చేతిలోని రైఫిళ్లు, గొట్టంలో అడ్డు బిగించి చప్పుడు తుపాకులుగా స్లొవేకియాలో చట్టబద్ధంగా అమ్మినవి. ఆ అడ్డు తీసేయగానే అవి తిరిగి యుద్ధపు తుపాకులయ్యాయి.

ఏ ఇనుప గొట్టమైనా తుపాకీ కావచ్చు, అన్నిటినీ నిషేధిస్తారా అని ఇంకొందరు అడుగుతారు. 1982 కొలతలోనే దీనికి జవాబుంది. గొట్టం ముక్కకు ట్రిగ్గర్, సుత్తి, తూటాల అర ఉండవు. బ్లాంక్ పిస్టల్‌లో అవన్నీ సిద్ధంగా ఉంటాయి, లేనిది దారి ఒక్కటే. పరుగు పందేల సంగతేమిటన్న ప్రశ్నకు చట్టం కన్నా ముందు శాస్త్రమే జవాబు చెప్పింది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. తుపాకీ పేల్చే మనిషికి పది మీటర్ల దూరంలో ఉన్న చివరి వరస పరుగుగాడికి ఆ చప్పుడు సెకనులో నూటికి దాదాపు మూడు వంతులు ఆలస్యంగా అందుతుంది. నూరు మీటర్ల పందెంలో పతకం చేజారడానికి అంత చాలు. అందుకే పెద్ద పోటీల్లో ప్రతి పరుగుగాడి వెనకా స్పీకర్ పెట్టి ఎలక్ట్రానిక్ సంకేతమే వినిపిస్తున్నారు.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ఆరో సెక్షన్, లైసెన్సు లేకుండా నకిలీ తుపాకీని అసలుదిగా మార్చకూడదంటుంది. తుపాకీలా కనబడే ప్రతి వస్తువూ, గుండు పేల్చగలిగినా లేకున్నా, అందులో నకిలీ తుపాకీయే. ఈ సెక్షన్ చూసేది రూపాన్ని, మార్చే చర్యను. మార్చడానికి ఎంత శ్రమ పడుతుందన్న కొలత కూడా అందులో చేరాలి. ప్రయోగశాలలో గొట్టాన్ని పరీక్షించి ముద్ర వేయనిదే ఏ లోహపు బ్లాంక్ తుపాకీ దిగుమతి కాకూడదు, అమ్మకానికి పోకూడదు. చిన్న సినిమాలు తీసే యువకులకు ఒక్క మాట: తుపాకీ మూతి దగ్గరి మెరుపునూ చప్పుడునూ కంప్యూటర్‌లో కలపవచ్చు, దానికోసం లోహపు తుపాకీ కొనకండి.